లిఫ్టు గొడవ: మా వాడికి ఆటిజం అని అపార్ట్‌మెంట్ గ్రూపులో చెప్పేయనా, వద్దా?

లిఫ్ట్_వాళ్ళమ్మ
మాది నిజాంపేట వైపు. ఐదంతస్తులు, నలభై ఫ్లాట్లు. బాబుకి ఆరేళ్ళు. మూడున్నరేళ్ళప్పుడు ఆటిజం అని చెప్పారు. మాటలున్నాయి కానీ తనకి కావలసింది అడగడం తక్కువ, ఎక్కడో విన్నది తిరిగి అనడం ఎక్కువ. మా లిఫ్టు పాతది, గ్రిల్ తలుపులది. తలుపు సరిగ్గా వేయకపోతే ఒక ఆడగొంతు "ప్లీజ్ క్లోజ్ ది డోర్" అని మొత్తుకుంటుంది చూడండి, వాడికి అది ప్రాణం. ఆ గొంతుని అచ్చు అలాగే దింపుతాడు, వెనక వచ్చే టింగ్‌తో సహా. కిందికి దిగాక ఇంకొక్కసారి ఐదో అంతస్తుకి వెళ్ళి వస్తే గానీ బయటికి అడుగు పెట్టడు. రెండు నిమిషాల పని, రోజూ పొద్దున అంతే.

మొన్న గురువారం మూడో ఫ్లోర్ ఆయన ఆఫీసు టైములో కింద నిలబడి ఉన్నారు. "లిఫ్టు ఆటబొమ్మ కాదమ్మా" అని ఆయనే లోపలికొచ్చి వీణ్ణి భుజం పట్టుకుని బయటికి జరిపారు. నేను సారీ చెప్పేలోపే వీడు నేలమీద పడిపోయాడు. తల గోడకి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టాను, నా గాజు పగిలి నాకే గుచ్చుకుంది. స్కూల్ వ్యాను వెళ్ళిపోయింది. సాయంత్రం గ్రూపులో మెసేజ్: "కొందరు తల్లిదండ్రులు పిల్లలకి క్రమశిక్షణ నేర్పడం లేదు. లిఫ్టు అందరిదీ." పేరు రాయలేదు. కింద పదకొండు చప్పట్ల బొమ్మలు.

ఆ రాత్రే "మా బాబుకి ఆటిజం ఉంది" అని టైప్ చేశాను. పంపబోతే మా ఆయన ఫోన్ లాక్కున్నారు. మా ఆడపడుచుకి సంబంధాలు చూస్తున్నాం. "దాని పెళ్ళయ్యేదాకా ఓపిక పట్టు, వాళ్ళ వంశంలోనే ఉందట అంటారు" అని ఆయన. అత్తయ్యదీ అదే మాట. మెసేజ్ ఇంకా డ్రాఫ్టులోనే ఉంది. ఇలా అందరికీ చెప్పేసిన వాళ్ళు ఎవరైనా ఉన్నారా? చెప్పాక ఏమైంది?

కాఫీ_కూకట్‌పల్లి
పదకొండు చప్పట్లు లెక్కలోకి తీసుకోకండి. మా గ్రూపులో నీళ్ళ ట్యాంకర్ వచ్చిందన్నా చప్పట్లే, ఎవరో పోయారన్నా చప్పట్లే. పంపేయండి.

వసపిట్ట
మేం చెప్పాం. బంధువులకి, ఇరుగుపొరుగుకి, ఇస్త్రీ అబ్బాయికి కూడా. పెద్దగా చెడిందేమీ లేదు కానీ పని పెరిగింది. వస నాకించారా అని ఒకరు, చిలక కొట్టిన జామపండు పెట్టమని ఒకరు, వాళ్ళ నాన్నకీ నాలుగేళ్ళకే మాటలొచ్చాయి కదా తొందరెందుకు అని ఒకరు. మా పెద్దమ్మ వరంగల్ నుంచి వసకొమ్ము, గంధం సాన రెండూ మోసుకొచ్చింది. సాన మా ఇంట్లో లేదనుకుందట! అందుకే ఈ పేరు పెట్టుకున్నా.

స్కూలు సంగతి మాత్రం వేరు. ఒకచోట ఫోనులో "సీట్లున్నాయి రండి" అన్నారు. అప్లికేషన్లో ఆటిజం అని రాసి ఇచ్చాక సీట్లు అయిపోయాయి. రెండో చోట చెప్పలేదు. మూడో వారంలో పిలిచి "ముందే ఎందుకు చెప్పలేదు, మోసం చేశారు" అన్నారు. చెప్తే సీటు లేదు, చెప్పకపోతే మోసం. మూడో స్కూల్లో చెప్పాం, వాళ్ళు చేర్చుకున్నారు, అదే ఇప్పటికీ నడుస్తోంది. కాబట్టి నన్ను అడిగితే సలహా ఏం చెప్పాలో నాకే తెలీదు.

పేరెందుకులే
సెల్ ఫోన్లు చేతికిచ్చి తర్వాత ఆటిజం అంటున్నారు. ఫోన్ ఆపేయండి, ఆరు నెలల్లో తగ్గిపోతుంది. దాన్ని వర్చువల్ ఆటిజం అంటారు, వీడియోల్లో డాక్టర్లే చెప్తున్నారు. చిన్నప్పుడు వేసే టీకాల సంగతి కూడా ఆలోచించండి.

స్పీచ్_స్టూడెంట్
పైన పేరెందుకులే గారికి. "వర్చువల్ ఆటిజం" అనేది డాక్టర్లు రోగ నిర్ధారణకి వాడే ఏ పుస్తకంలోనూ లేదు. స్క్రీన్ ఎక్కువైతే చిన్నపిల్లల్లో మాట వెనకబడుతుంది, నిజమే, తగ్గించమని మేమూ చెప్తాం. దానివల్ల ఆటిజం వస్తుందని కాదు. ఇక టీకాలు. ఆ మాట 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే బ్రిటన్ డాక్టరు రాసిన పేపర్ దగ్గర మొదలైంది. 12 మంది పిల్లలతో రాసిన పేపర్. 2010లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది, అదే ఏడాది ఆయన వైద్యం చేసే హక్కూ పోయింది. పేపర్ పోయినా పుకారు పోలేదు.

పేరెందుకులే
సరే, నాకు తెలిసింది చెప్పా. మీ ఇష్టం.

కాఫీ_కూకట్‌పల్లి
ఈయన ఇంత త్వరగా వదిలేశాడంటే నమ్మబుద్ధి కావడం లేదు.

బోయిన్‌పల్లి_నాన్న
మేం దాచాం. ఎనిమిదో తరగతి దాకా. కాబట్టి దాస్తే ఏమవుతుందో నేను చెప్పగలను.

వాడికి లెక్కలు వస్తాయి, తెలుగు చదువుతాడు, పేచీ పెట్టడు, మూల కూర్చుంటాడు. టీచర్లు "సిగ్గరి" అన్నారు, మేం అవునన్నాం. పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్ళిన ప్రతిసారీ నేను కొత్త అబద్ధం తయారు చేసుకునేవాణ్ణి: జ్వరం వచ్చి తగ్గింది, ఊరు మారాం, తాతయ్య పోయారు. మా నాన్నగారు ఆ అబద్ధాల్లో రెండుసార్లు పోయారు, ఆయన ఇప్పటికీ మల్కాజిగిరిలో నిక్షేపంగా ఉన్నారు. తరగతి పిల్లలు మాత్రం సిగ్గరి అనలేదు, వేరే పేరు పెట్టారు. వాడు ఇంటికొచ్చి ఆ పేరు గోడమీద రాసుకున్నాడు. అప్పుడు కదిలాం.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, మానసిక వైకల్యాలకి కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థలో పరీక్ష చేయించాం. పాతవాళ్ళు ఎన్‌ఐఎంహెచ్ అంటారు, 1984 నుంచి ఉంది, ఇప్పుడు పేరు ఎన్‌ఐఈపీఐడీ. ఇసా అని 40 అంశాల కొలత, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు, మొత్తం 70 లోపుంటే ఆటిజం కాదు. వైకల్యం ఉందనే సర్టిఫికెట్ ప్రభుత్వాసుపత్రి బోర్డు నుంచి. వైకల్యం కనీసం 40 శాతం అని రాసిస్తే దాని మీద చాలా ఉన్నాయి: సీబీఎస్ఈ పరీక్షల్లో గంటకి 20 నిమిషాలు అదనం, రాసిపెట్టే మనిషి, నాకు ఇన్‌కమ్ ట్యాక్స్‌లో 75 వేల ఆదాయం మీద పన్ను మినహాయింపు, పాత పద్ధతిలో కట్టేవాళ్ళకే. ఆటిజానికి విడిగా 10-ఐఏ అనే ఫారం అడిగారు, మా ఆడిటర్‌కి అది తెలీదు, నేనే చెప్పాను. ఇవన్నీ ఎనిమిదేళ్ళు వదులుకున్నాం, ఎందుకంటే "ముద్ర పడుతుంది" అని.

అమ్మా, ఒక్క మాట. సర్టిఫికెట్ వేరు, గ్రూపులో పోస్టు వేరు. మీ ఆడపడుచు పెళ్ళికి భయపడి రెండూ ఆపకండి. సర్టిఫికెట్ బీరువాలో ఉంటుంది, ఎవరికీ కనపడదు.

లిఫ్ట్_వాళ్ళమ్మ
సర్టిఫికెట్ కూడా ఆపేశాం అండి. మీసేవ సెంటర్‌లో మా వీధివాళ్ళు కనపడతారని.

ఉప్పల్_ఆటో
అందరు చెప్పాల్నా వద్దా అంటున్నరు. నాకు ఆ ఛాయిసే లేదు. నా బిడ్డకు తొమ్మిదేండ్లు, మాటలు రావు, లొల్లి ఎక్కువైతే చెయ్యి కొరుక్కుంటది. దవాఖానకు పోయినా, బోనాలకు పోయినా ఓ నిమిషంల అందరికి తెలుస్తది. దాచుకునుడు అనేది దాచనీకి వీలున్నోళ్ళ ముచ్చట. ఏమనుకోకుండ్రి, కోపంతోని అంటలేను.

నేను ఆటోల ఎక్కినోళ్ళకు కూడ చెప్త. బిడ్డ ఒక్కోసారి ముందు సీట్ల నా పక్కనే ఉంటది, ఆమెకు ఆటో సప్పుడు మంచిగనిపిస్తది, నిద్రపోతది. ఎవలన్న వింతగ చూస్తే "ఆటిజం సార్, భయపడకుండ్రి" అంట. సగం మందికి ఆ మాటే తెల్వదు. "అంటే ఏందన్నా, అంటుకుంటదా" అని ఒకాయన అడిగిండు. ఐడీ కార్డు మెడల ఏసుకున్న పెద్ద సారు.

వసపిట్ట
అన్నా, మీరు చెప్పింది చదివి నేను కాసేపు ఫోన్ పక్కన పెట్టాను. మేమందరం ఒక రకం పిల్లల గురించే మాట్లాడుకుంటున్నాం, నిజం. పెన్షన్ వస్తోందా పాపకి?

ఉప్పల్_ఆటో
వస్తున్నదక్కా. 4,016. డైపర్లకు సరిపోతయి.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు
నేను ముప్పై ఆరేళ్ళు పాఠాలు చెప్పాను. మా కాలంలో ఈ ఆటిజం, ఏడీహెచ్‌డీ ఏవీ లేవు. మొండి పిల్లలుండేవారు, మందకొడి పిల్లలుండేవారు, అందరూ అలాగే బతికేశారు. ఇప్పుడు ప్రతిదానికీ ఒక పేరు. పేరు పెట్టగానే పిల్లవాడు ఆ పేరులో ఇరుక్కుంటాడేమోనని నా భయం. పైన తల్లిగారిని బాధపెట్టాలని కాదు.

స్పీచ్_స్టూడెంట్
మాస్టారూ, పేరు కొత్తేం కాదు. అమెరికాలో కానర్ అనే డాక్టరు 1943లోనే 11 మంది పిల్లల గురించి రాశారు. మన దగ్గర లేనిది పేరు, పిల్లలు కాదు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం అనే మాటే లేదు, 2016 చట్టంలో 21 వైకల్యాల్లో ఒకటిగా పెట్టారు. అప్పటిదాకా చాలామందికి బుద్ధిమాంద్యం అని రాసిచ్చేవారు, బుద్ధి బాగానే ఉన్నవాళ్ళకి కూడా.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు
బుద్ధిమాంద్యం అంటే గుర్తొచ్చింది. మా ఊళ్ళో, నల్లగొండ జిల్లా, ఒకాయన ఉండేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. రోజూ సాయంత్రం నాలుగింటికి బయల్దేరి ఊళ్ళో ప్రతి ఇంటి గొళ్ళెం తాకి, సరిగ్గా ఉందో లేదో చూసి, పక్కింటికి వెళ్ళేవాడు. వాన పడినా మానడు. మా అమ్మ ఆ టైముకి వాకిలి దగ్గర ఏమీ అడ్డం లేకుండా జరిపేది. ఎవరూ నవ్వేవారు కాదు, గొళ్ళెమాయన వచ్చాడు నాలుగైంది అనుకునేవారు. ఆయనకి ఏ పేరూ లేదు కదా, ఊరు చూసుకోలేదా మరి?

చెల్లెలి_మాట
మాస్టారూ, చిన్న ప్రశ్న. ఆయనకి అన్నం ఎవరు పెట్టేవారు?

రిటైర్డ్_లెక్కల_మాస్టారు
వాళ్ళ అక్క. ఆవిడకి పెళ్ళి కాలేదు.

చెల్లెలి_మాట
అదేనండి నేననేది.

నా తమ్ముడికి 27. ఆటిజం. నాకు మొదట కుదిరిన సంబంధం అప్పుడు మావాళ్ళు వాణ్ణి పిన్ని వాళ్ళింట్లో పెట్టారు, "హాస్టల్లో చదువుతున్నాడు" అని చెప్పి. నిశ్చితార్థం రోజు వాడు పిన్ని ఇంటినుంచి తప్పించుకుని బస్సెక్కి నేరుగా ఇంటికొచ్చేశాడు, ఎందుకంటే ఆదివారం మా ఇంట్లో ఇడ్లీ. వాడికి దారి తెలుసు, ఆదివారం తెలుసు, మేం దాస్తున్నామని ఒక్కటే తెలీదు. హాల్లో ముప్పై మంది, వాడు నేరుగా వంటింట్లోకి వెళ్ళి ఇడ్లీ లేదని ఏడుపు. సంబంధం పోయింది. అబ్బాయి వాళ్ళ నాన్న అన్నమాట ఇప్పటికీ గుర్తుంది: "పిల్లవాడు ఇలా ఉన్నందుకు కాదు, లేడన్నందుకు."

రెండోసారి నేనే ఫోన్లో మొదటి పది నిమిషాల్లో చెప్పేశాను. ఇద్దరు అక్కడితో ఆగిపోయారు. మూడో ఆయన ఇప్పుడు మా ఆయన. ఏమీ అనుకోలేదని కాదు, మా పిల్లలకి వస్తుందా అని సూటిగా అడిగాడు. ఇద్దరం కలిసి వెళ్ళి డాక్టర్‌ని అడిగాం. జన్యువుల పాత్ర పెద్దదే, కానీ ఫలానా ఒక్క జన్యువు ఇంటిపేరులాగా దిగిపోయేది కాదని వివరించారు. తెలిసే చేసుకున్నాడు, అంతే.

లిఫ్ట్_వాళ్ళమ్మ గారూ, మీ ఆడపడుచుని ఎవరైనా అడిగారా? ఆమె పేరు చెప్పి మీరందరూ దాస్తున్నారు కదా.

లిఫ్ట్_వాళ్ళమ్మ
...అడగలేదు.

కాఫీ_కూకట్‌పల్లి
ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన మంచి ప్రశ్న ఇదే. నా పంపేయండి సలహా వెనక్కి తీసుకుంటున్నా.

సెక్రటరీ_పోస్టులో_ఇరుక్కున్నా
అవతలి పక్షం కూడా వినండి. నేను మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీని, ఎవరూ నిలబడకపోతే నన్ను నిలబెట్టారు. నాకు వచ్చే ఫిర్యాదుల్లో సగం పిల్లల మీదే. ఎవరింట్లో ఏముందో నాకెవరూ చెప్పరు. ఒక ఫ్లాటులో రాత్రి రెండింటికి చప్పుళ్ళు, నేను రెండుసార్లు నోటీసు ఇచ్చాను. ఏడాది తర్వాత వాళ్ళు ఖాళీ చేస్తూ చెప్పారు, వాళ్ళ అమ్మాయికి నిద్ర పట్టదట, గోడకి వీపు కొట్టుకుంటుందట. ముందే చెప్పుంటే కింద ఫ్లాటు వాళ్ళకి నేనే సర్ది చెప్పేవాణ్ణి. నన్ను రాక్షసుణ్ణి చేసి వెళ్ళిపోయారు.

జబ్బు పేరు నాకొద్దు. ఏం చేయాలో చెప్పండి చాలు. "పొద్దున 8:10కి మా బాబు లిఫ్టులో ఒక రౌండు వేస్తాడు, రెండు నిమిషాలు, దయచేసి చెయ్యి పట్టుకోవద్దు." అంతే.

బోయిన్‌పల్లి_నాన్న
ఇది నచ్చింది. "జబ్బు" అనే మాట తప్ప.

సెక్రటరీ_పోస్టులో_ఇరుక్కున్నా
మరేమనాలి? నిజంగా అడుగుతున్నా.

సైలెంట్_మోడ్
ఆటిజం అనే అనండి. జబ్బు కాదు, తగ్గేది కాదు, అంటుకునేది కాదు. నాకు ఉంది. వయసు 33, ఆడదాన్ని, గచ్చిబౌలిలో ఉద్యోగం. 31వ ఏట తెలిసింది. అమ్మాయిలకి ఆలస్యంగా తెలుస్తుంది. గుర్తించిన వాళ్ళలో ప్రతి నలుగురు అబ్బాయిలకి ఒక అమ్మాయి అంటారు, ఆ లెక్కలో సగం కారణం మేం బాగా నటించడమేనని నా అనుమానం. ఫోన్ మాట్లాడేముందు కాగితం మీద రాసుకుంటాను, "హలో" తో సహా. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడలేను, కనుబొమ్మల మధ్య చూస్తాను, తేడా ఎవరూ పట్టుకోలేదు. పెళ్ళిళ్ళలో వంటవాళ్ళ దగ్గర నిలబడతాను, అక్కడ నిన్నెవరూ ఉద్యోగం, జీతం అడగరు.

ఆఫీసులో చెప్పాను. మా మేనేజర్ చాలా మంచివాడు, వెంటనే "నాక్కూడా కొంచెం ఆటిజం ఉంది, నా డెస్క్ ఎప్పుడూ నీట్‌గా ఉండాలి" అన్నాడు. తర్వాత నన్ను తీసేయలేదు, తిట్టలేదు. క్లయింటు కాల్స్‌కి పిలవడం మానేశారు, అంతే. "నీకు ఇబ్బంది అని." నేను ఇబ్బంది అనలేదు, కెమెరా ఆపుకోనివ్వమన్నాను. ఆ 2016 వికలాంగుల చట్టం చూశాను, వివక్ష చూపకూడదనే సెక్షన్ 20 ప్రభుత్వ సంస్థలకి. ప్రైవేటు వాళ్ళకి సెక్షన్ 21, సమాన అవకాశాల పాలసీ ఒకటి రాసి పెట్టుకోవాలి. మాది చాలా బాగా రాశారు, వెబ్‌సైట్లో ఉంది.

అందుకని చెప్పొద్దని అనను. ఇంటి దగ్గర చెప్పడం వల్ల నాకు ప్రాణం తెరిపిన పడింది. ఇప్పుడు మా అమ్మ మిక్సీ వేసేముందు "వేస్తున్నా" అని కేకేస్తుంది. ముప్పై ఏళ్ళు నేను మిక్సీకి ఉలిక్కిపడితే "అంత నాజూకేంటే" అనేది. ఒక్క కేక, అంతే కావలసింది.

నా ప్రశ్న వేరు. నలభై ఫ్లాట్లకి చెప్పాలా అని అడుగుతున్నారు. వాడికి చెప్పారా?

లిఫ్ట్_వాళ్ళమ్మ
వాడికి ఆరేళ్ళండి.

సైలెంట్_మోడ్
చదువుతాడా?

లిఫ్ట్_వాళ్ళమ్మ
చదువుతాడు. నోటీసు బోర్డు మొత్తం చదువుతాడు. మెయింటెనెన్స్ బాకీ ఎవరెవరిదో వాడికి కంఠతా వచ్చు.

కాఫీ_కూకట్‌పల్లి
వాడు మా అపార్ట్‌మెంట్‌కి కావాలి.

సైలెంట్_మోడ్
అయితే ఏదో ఒక రోజు మీ ఫోన్లో ఆ మెసేజ్ కూడా చదువుతాడు. అందులో ఉన్న మాటలు వాడు చదివినా పర్లేదనేలా రాయండి. "దయచేసి భరించండి, దేవుడు మాకిలా రాశాడు" లాంటివి వద్దు. మా అత్త నా గురించి అలా రాసిన మెసేజ్ నాకు 31 ఏళ్ళప్పుడు కనపడింది, అప్పుడే బాధేసింది. ఆరేళ్ళ వాడికి కనపడితే ఇంకెలా ఉంటుందో.

వసపిట్ట
అబ్బా. మా కుటుంబ గ్రూపులో నేను రాసినవి తీసేయడానికి వెళ్తున్నా.

పాతబస్తీ_పరోటా
అన్నీ చదివా. ఒక డౌటు. ఆటిజం ఉంటే లెక్కల్లో జీనియస్ అవుతారంటారు కదా, ఎలాన్ మస్క్ కూడా 2021లో టీవీలో తనకి ఆస్పర్జర్స్, అదీ ఆటిజంలో ఒక రకమేనట, ఉందన్నాడు. మా అక్క కొడుక్కి ఉంది, మాకు ఏ తెలివీ కనపడలేదింకా.

ఉప్పల్_ఆటో
నా బిడ్డకు ఏ తెలివి ఉన్నదో చెప్పాల్నా? ఆటో ఇంజన్ సప్పుడు మారితే నాకన్న ముందు ఆమెకు తెలుస్తది, చెయ్యి పట్టి గుంజుతది. మెకానిక్ కాడికి పోతె నిజంగనే ఏదో ఒకటి పోయి ఉంటది. కానీ అది చేసినా చెయ్యకున్నా నా బిడ్డే కదా అన్నా.

స్పీచ్_స్టూడెంట్
సినిమాలు చేసిన పనిది. 1988లో వచ్చిన 'రెయిన్ మ్యాన్' అనే హాలీవుడ్ సినిమా తర్వాత ఆటిజం అంటే అంకెల మాంత్రికుడు అని లోకమంతా అనుకుంది. అలాంటి అసాధారణ ప్రతిభ కొద్దిమందిలోనే. మిగతావాళ్ళ దగ్గర దాని కోసం వెతుకుతూ కూర్చుంటే వాళ్ళు నిజంగా చేసేది కనపడదు. ఇంకా, ఆస్పర్జర్స్ అని విడిగా రాయడం 2013 నుంచి అమెరికా డాక్టర్ల పుస్తకంలోంచి తీసేశారు, అంతా ఆటిజం స్పెక్ట్రమే, అంటే అన్నీ ఒకే గొడుగు కింద.

పేరెందుకులే
స్టెమ్ సెల్స్‌తో, అంటే మూలకణాలతో, నయమవుతుందని బంధువు ఒకాయన చెప్పారు. ఇది మాత్రం పుకారు కాదు, ఆస్పత్రిలోనే చేస్తారు. ఐదారు లక్షలు.

స్పీచ్_స్టూడెంట్
వద్దు. దయచేసి వద్దు. ఆటిజానికి ఆ చికిత్స సిఫార్సు చేయడం లేదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. ఆస్పత్రిలో చేసినంత మాత్రాన చికిత్స అయిపోదు. ఆ డబ్బుతో ఎన్నేళ్ళ థెరపీ వస్తుందో లెక్క వేసుకోమనండి.

పేరెందుకులే
ఆ బంధువు నేనే. డబ్బు కట్టలేదింకా. బాబుకి నాలుగేళ్ళు.

బోయిన్‌పల్లి_నాన్న
కట్టొద్దు తమ్ముడూ. నాకు విడిగా మెసేజ్ పెట్టు. ఎప్పుడైనా సరే, రాత్రైనా.

చెల్లెలి_మాట
అందుకేనా ఫోన్ గురించి అంత గట్టిగా రాశారు. అనుకున్నా.

కాఫీ_కూకట్‌పల్లి
నేను మొదట్లో వేసిన జోకుకి సారీ అన్నా.

సెక్రటరీ_పోస్టులో_ఇరుక్కున్నా
ఒక సందేహం. ఆ మూడో ఫ్లోర్ ఆయన బాబుని భుజం పట్టి లాగాడు కదా. దీనికి చట్టం ఏమైనా ఉందా? రేపు మా దగ్గర జరిగితే నేనేం చెప్పాలి?

బోయిన్‌పల్లి_నాన్న
2016 చట్టం సెక్షన్ 92. నలుగురి ముందు వైకల్యం ఉన్న మనిషిని కావాలని అవమానించినా, బెదిరించినా, ఆ ఉద్దేశంతో చెయ్యి చేసుకున్నా ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు. కానీ ఆయనకి తెలీదు కదా బాబుకి ఆటిజం అని, అక్కడ "కావాలని" అనే మాట దగ్గర ఆగుతుంది. 2022 మేలో రాంచీ విమానాశ్రయంలో వైకల్యం ఉన్న ఒక పిల్లవాణ్ణి, భయపడి గొడవ చేస్తున్నాడని, విమానం ఎక్కనివ్వలేదు. తోటి ప్రయాణికులు ఎక్కనివ్వమని సిబ్బందితో వాదించారు. విమానాల మీద అజమాయిషీ చేసే డీజీసీఏ ఆ విమాన సంస్థకి 5 లక్షల జరిమానా వేసింది. అక్కడ పిల్లవాడి సంగతి అందరికీ తెలిసింది, అందుకే జనం వాళ్ళ వైపు నిలబడ్డారు. పక్కింటి ఆయన మీద కేసు పెట్టి ఆ ఇంట్లోనే ఎలా ఉంటారు? ముందు మెసేజ్.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు
నిన్న రాత్రి మా చెల్లెలికి ఫోన్ చేసి గొళ్ళెమాయన అక్క గురించి అడిగాను. ఆవిడకి రెండు సంబంధాలు వచ్చి వెనక్కిపోయాయట. ఊరు చూసుకుందని నేను రాసింది సగమే నిజం. పగలు ఊరు చూసుకుంది. రాత్రి ఆవిడ చూసుకుంది.

లిఫ్ట్_వాళ్ళమ్మ
పది రోజులైంది, ఏమైందో చెప్తాను. పొడుగ్గా ఉంటుంది.

ఆడపడుచుకి నేనే ఫోన్ చేశాను, మా ఆయనకి చెప్పకుండా. మొత్తం విని, "వదినా, నన్ను అడ్డం పెట్టుకుని వాడి సర్టిఫికెట్ కూడా ఆపారా?" అని అరిచింది. నా మీద కాదు, పక్కనే ఉన్న వాళ్ళమ్మ మీద. ఇప్పుడు చూస్తున్న అబ్బాయికి ఆ రాత్రే తనే చెప్పేసింది. అతను సరే అన్నాడట, వాళ్ళ ఇంట్లో పెద్దవాళ్ళు జాతకాలు మళ్ళీ ఒకసారి చూపిస్తామన్నారట. ఆ మాటకి అర్థం ఏంటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అత్తయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మా ఆయన మాట్లాడారు కానీ టీవీ వైపు చూస్తూ.

మెసేజ్ పంపాను. చివరికి ఇలా రాశాను: "501 నుంచి. మా బాబుకి ఆటిజం ఉంది. పొద్దున స్కూలుకి వెళ్ళేముందు లిఫ్టులో ఒక రౌండు వేస్తాడు, రెండు నిమిషాలు పడుతుంది. మీకు తొందరగా ఉంటే చెప్పండి, మేం తర్వాతి ట్రిప్పుకి ఆగుతాం. వాణ్ణి ముట్టుకోవద్దు, నాతో చెప్పండి. వాడు 'ప్లీజ్ క్లోజ్ ది డోర్' అన్నాడంటే చప్పుడు ఎక్కువైందని అర్థం." రాసింది వాడికే ముందు చదివి వినిపించాను. "501 నుంచి" అన్న ముక్క మూడుసార్లు చదివించుకున్నాడు.

పంతొమ్మిది దండాల బొమ్మలు. ఒక గాడ్ బ్లెస్. ఒక ఆయుర్వేదం లింకు. మూడో ఫ్లోర్ ఆయన ఏమీ రాయలేదు, ఇప్పుడు మెట్లమీద దిగుతున్నారు, అది కోపమో మర్యాదో తెలీడం లేదు. రెండో ఫ్లోర్ ఆవిడ ఎదురుపడి "మీ అబ్బాయి బాగానే ఉన్నాడుగా, చూస్తే అలా లేడే" అంది. దానికి ఏం చెప్పాలో ఎవరైనా చెప్పండి.

సైలెంట్_మోడ్
"మీరూ చూస్తే అలా లేరు" అనండి. ఆవిడే ఆలోచించుకుంటుంది.

ఉప్పల్_ఆటో
మంచి పని చేసినవక్కా. సర్టిఫికెట్‌కు ఎప్పుడు పోతరో చెప్పు, నా ఆటోల దింపుత. బిడ్డ గూడ వస్తది.

లిఫ్ట్_వాళ్ళమ్మ
తప్పకుండా అన్నా. ఇప్పుడు కొత్త టెన్షన్ వచ్చింది. మా అసోసియేషన్ వాళ్ళు వచ్చే నెల లిఫ్టు మార్పిస్తున్నారు, ఆటోమేటిక్ తలుపులవి. నోటీసు వీడే ముందు చదివాడు. ఆ గొంతు ఉండదు ఇక. రెండు రాత్రుల నుంచి నిద్రపోవడం లేదు.

స్పీచ్_స్టూడెంట్
తేదీలు వేసి ఒక క్యాలెండర్ గీయండి, పాత లిఫ్టు ఎన్ని రోజులుంటుందో రోజూ కొట్టేసేలా. కొత్త లిఫ్టు వీడియో ముందే చూపించండి. పాత గొంతు రికార్డు చేసి పెట్టుకోండి.

లిఫ్ట్_వాళ్ళమ్మ
చేశాను. వెనక కుక్కర్ విజిల్ పడింది. వాడు ఒప్పుకోవడం లేదు.

సెక్రటరీ_పోస్టులో_ఇరుక్కున్నా
మా లిఫ్టుదీ అదే గొంతనుకుంటా. రేపు పొద్దున ఐదున్నరకి రికార్డు చేసి పెడతా, ఆ టైములో పాలవాడు తప్ప ఎవరూ ఉండరు.

లిఫ్ట్_వాళ్ళమ్మ
చాలా థాంక్స్ అండి. రెండు తలుపులూ పూర్తిగా తీసి ఉంచండి, లోపలిది సగం వేస్తే గొంతు తెగిపోతుందట. టింగ్ కూడా రావాలి. ఇది వాడే చెప్పాడు.